గోల్ ఇవ్వాలా, వద్దా? మన గ్రౌండ్లలో విజిల్ పట్టేవాళ్ల కోసం

విజయవాడ సింగ్‌నగర్ వైపు ఓ గ్రౌండ్‌లో ఆదివారం పొద్దున పిల్లలకు మ్యాచ్ పెట్టాం. విజిల్ నా చేతిలో ఉంది. రెండో సగం చివర్లో ఓ కుర్రాడు కొట్టిన బంతి కీపర్ చేతుల కిందనుంచి జారి గీత మీదికి దొర్లింది. కీపర్ వెనక్కి పడి లాక్కున్నాడు. "దాటింది సార్, అమ్మతోడు దాటింది!" అని ఒక జట్టు. "లేదు సార్, గీత మీదే ఉంది, బంతికి ముగ్గు అంటుకుంది చూడండి!" అని ఇంకో జట్టు. నేనేమో పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసే పెద్ద పెట్టె) బయట ఉన్నాను. ఎక్కువమంది అరిచిన వైపు మొగ్గి గోల్ ఇచ్చేశాను. సాయంత్రం ఓ పిల్లాడి నాన్న ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే బంతి ఇంకా గీత మీదే ఉంది. ఆ కీపర్ రెండు వారాలు గ్రౌండ్‌కి రాలేదు.

ఆ రెండు వారాలూ ఫుట్‌బాల్ చట్టాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆటకు మొత్తం 17 చట్టాలు. గోల్ సంగతి చెప్పేది పదోది. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే: బంతి పూర్తిగా, రెండు పోస్టుల మధ్యనుంచి, అడ్డబాదు కిందనుంచి, గోల్ గీత దాటాలి, దాటేలోపు గోల్ కొట్టిన జట్టు ఏ తప్పూ చేసి ఉండకూడదు. అంటే బంతి దాటడం సగం సంగతే. దాటకముందు ఏం జరిగిందన్నది మిగతా సగం. మన దగ్గర కొట్లాటలన్నీ ఈ రెండో సగాన్ని ఎవరూ వరసగా అడగకపోవడం వల్లే వస్తున్నాయి. విజయవాడలోనైనా గుంటూరులోనైనా పిల్లల మ్యాచ్‌లకు విజిల్ పట్టేవాళ్లు నేను ఇప్పుడు పాటించే వరసలోనే వెళ్లొచ్చు.

మ్యాచ్‌కి ముందు: పోస్టులు, గీత, వల

పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, అడ్డబాదు ఎత్తు 2.44 మీటర్లు. మన లెక్కలో 24 అడుగులు, 8 అడుగులు. పిల్లలకు ఇంకా చిన్నవి పెట్టుకోవచ్చు. పోస్టులు, అడ్డబాదు ఒకే మందంలో, 12 సెంటీమీటర్లు మించకుండా ఉండాలి. గోల్ గీత వెడల్పు కూడా పోస్టు మందం ఎంతో అంతే. ఈ చివరి మాట మన గ్రౌండ్లలో ఎవరూ పట్టించుకోరు. ముగ్గు చేత్తో పోసుకుంటూ పోతే గీత ఒకచోట నాలుగు వేళ్లు, ఇంకోచోట జానెడు అవుతుంది. అలాంటి గీత మీద బంతి దాటిందా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? దీనికి రెండు దారాలు చాలు. ఒకటి పోస్టుల ముందు అంచు నుంచి ముందు అంచుకి, రెండోది వెనక అంచు నుంచి వెనక అంచుకి లాగి కట్టండి. ఆ మధ్యలో ముగ్గు పోసి దారాలు తీసేయండి. అయిదు నిమిషాల పని.

సరుగుడు బాదులు పాతి, పైన నైలాన్ తాడు కట్టి అడ్డబాదు అనుకోవడం మనకు అలవాటు. చట్టం దీన్ని ఒప్పుకోదు. అడ్డబాదు విరిగినా, పక్కకు జరిగినా ఆట ఆపి బాగుచేయాలి, కుదరకపోతే మ్యాచ్ రద్దు చేయాలి. దాని బదులు తాడు వాడకూడదు. కారణం కళ్లముందే ఉంది: బంతి తగిలితే తాడు పైకి లేస్తుంది, బంతి కిందనుంచి పోయిందో పైనుంచి పోయిందో తేలదు. సాధనకు ఎలాగోలా సరిపెట్టుకోవచ్చు. కప్పు పెట్టి ఆడించేటప్పుడు మాత్రం పైన కూడా బాదే కట్టించండి, అదీ పిల్లల మీద పడకుండా గట్టిగా.

వల తప్పనిసరి కాదు. కానీ కట్టారంటే చిరుగులు చూడండి. 2013 అక్టోబరు 18న జర్మనీ బుండెస్‌లీగాలో లెవర్కూజెన్ ఆటగాడు స్టెఫాన్ కీస్లింగ్ తలతో కొట్టిన బంతి పోస్టు బయటికి పోయి, పక్క వలకున్న కంతలోంచి లోపలికి దూరింది. రెఫరీ గోల్ ఇచ్చాడు. హోఫెన్‌హైమ్ జట్టు తర్వాత ఎంత మొత్తుకున్నా ఆ ఫలితం మారలేదు. అంత పెద్ద లీగ్‌లోనే ఇలా జరిగిందంటే, మేకలు కొరికిన మన వలల మాట చెప్పక్కర్లేదు.

మొదటి ప్రశ్న: బంతి పూర్తిగా దాటిందా?

ఇది చదివి వదిలేస్తే వంటబట్టదు, చేసి చూడాలి. వాకిట్లో 12 సెంటీమీటర్ల వెడల్పున ముగ్గుతో ఒక పట్టీ గీయండి. పెద్దల మ్యాచ్ బంతి తీసుకోండి. దాని చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అడ్డంగా దాదాపు 22 సెంటీమీటర్లు, అంటే ఓ జానెడు. ఇప్పుడు బంతి అడుగు నేలకు తాకే చోటు గీత వెనక అంచుని కాస్త దాటేలా పెట్టండి. నిలబడి చూస్తే బంతి గీత అవతల ఉన్నట్టే ఉంటుంది. నేల మీద చెంప ఆనించి, గీత పొడుగునా ఒక కన్ను మూసి చూడండి. బంతి పొట్ట గీత మీదికి వేలాడుతూ ఉంటుంది. అది గోల్ కాదు. బంతి అడుగు గీత వెనక అంచు నుంచి అర జానెడు అవతలికి పోతే తప్ప, బంతి మొత్తం దాటినట్టు కాదు. గాల్లో ఉన్న బంతికీ ఇదే లెక్క. గీత మీద నిలువుగా గోడ కట్టినట్టు ఊహించుకోండి, బంతిలో ఏ కొంచెమైనా ఆ గోడను తాకుతుంటే దాటనట్టే.

ఆ కీపర్ మూడో వారం వచ్చినప్పుడు నేను ముందు చేసిన పని ఇదే. వాడిని గీత పక్కన బోర్లా పడుకోబెట్టి, బంతిని కొంచెం కొంచెంగా జరుపుతూ పోయాను. "ఇప్పుడు?" "మీదే ఉంది సార్." "ఇప్పుడు?" "ఇంకా మీదే ఉంది." చివరికి వాడు "ఆఁ, ఇప్పుడు దాటింది" అన్న చోట వేలు పెట్టి చూస్తే, గీతకీ బంతి అడుగుకీ మధ్య నేల స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రోజు నేను తప్పు చేశానని జట్టందరి ముందూ వాడికి చెప్పాను.

పైనున్న వాళ్లకూ ఇది తేలిక కాలేదు. 1966 ప్రపంచకప్ ఫైనల్లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి అడ్డబాదుకు తగిలి కిందపడింది. లైన్స్‌మన్ మాట మీద ఇంగ్లండ్‌కి గోల్ ఇచ్చారు, దాని మీద వాదన ఈనాటికీ ఆగలేదు. 2010 జూన్ 27న జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ కొట్టింది లోపల బాగా దూరంగా పడినా ఇవ్వలేదు. ఆ తర్వాత 2012లో గోల్‌లైన్ టెక్నాలజీకి (బంతి గీత దాటిందో లేదో యంత్రంతో తేల్చే పద్ధతి) అనుమతి వచ్చింది, 2014 ప్రపంచకప్‌లో వాడారు. 2022 డిసెంబరు 1న జపాన్, స్పెయిన్ మ్యాచ్‌లో జపాన్ ఆటగాడు మితోమా, గోల్ పక్కనున్న గీత మీదనుంచి లాగిన బంతితోనే జపాన్ రెండో గోల్ పడింది. పక్కనుంచి తీసిన ఫొటోల్లో బంతికీ గీతకీ మధ్య పచ్చగడ్డి కనిపించింది. నిటారుగా పైనుంచి చూస్తే బంతి అంచు ఇంకా గీత మీదే ఉంది. వాకిట్లో మీరు చేసిన పరీక్ష అచ్చంగా అదే.

మనకు కెమెరాలు లేవు, ఉన్నది నిలబడే చోటే. షాట్ పడబోతోందనగానే బంతి వైపు కాకుండా గోల్ గీత వైపు పరిగెత్తండి. కన్ను గీతకు సూటిగా ఉండాలి. వీలైతే ఏ జట్టుకీ చెందని పెద్దమనిషిని ఒకరిని ఆ గీత సాగే దిక్కులో, పోస్టుకి పది అడుగుల బయట నిలబెట్టండి. ఆయన పని ఒక్కటే, దాటితే చెయ్యెత్తడం. మీరూ చూడక, ఆయనా చూడకపోతే గోల్ ఇవ్వొద్దు. ఎవరెంత గట్టిగా అరిచినా సరే, చూడనిది ఇవ్వకూడదు.

తొందరపడి బంతి దాటకముందే గోల్ అని విజిల్ ఊదేశారనుకోండి. ఆటను మళ్లీ మొదలుపెట్టేముందు తప్పు తెలిస్తే దారి ఉంది: డ్రాప్ బాల్, అంటే రెఫరీ బంతిని చేత్తో నేలకు వదిలి ఆటను మళ్లీ మొదలుపెట్టడం. పెనాల్టీ ఏరియాలో ఆగిన ఆట కాబట్టి బంతిని కీపర్‌కే వేయాలి, మిగతా అందరూ 4 మీటర్లు దూరంగా ఉండాలి. ఆ ఆదివారం నాకీ సంగతి తెలిసి ఉంటే, ఆటను మళ్లీ మొదలుపెట్టించేముందు ఇంకో నిమిషం ఆగి అడిగేవాడిని.

రెండో ప్రశ్న: అప్పటికి ఆట బతికే ఉందా?

బంతి అంతకుముందే బయటికి పోయి ఉంటే తర్వాత ఎన్నిసార్లు వలలో పడినా ఒకటే. ఈ గాయం మనవాళ్లకు బాగా తెలుసు. 2024 జూన్ 11న దోహాలో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్. ఛాంగ్తే గోల్‌తో ఇండియా ముందుంది. రెండో సగంలో బంతి మన కీపర్ గుర్‌ప్రీత్ పక్కనుంచి గోల్ గీత బయటికి పోయింది. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, యూసుఫ్ అయ్మన్ లోపలికి తోశాడు. మనవాళ్లు ఆట ఆగిందనుకుని నిలబడిపోయారు. గోల్ ఇచ్చేశారు. ఆ మ్యాచ్‌కి వీడియో రెఫరీ లేడు. ఖతార్ 2-1తో గెలిచింది, ఇండియా తర్వాతి రౌండ్‌కి వెళ్లే దారి మూసుకుపోయింది. నేనైతే ఆ రాత్రి నిద్రపోలేదు. పిల్లలకు దీన్నుంచి నేను నేర్పేది ఒకటే మాట: విజిల్ వినపడేదాకా ఆగొద్దురా.

విజిల్ ఊదాక పడింది కూడా లెక్కలోకి రాదు. 1978 ప్రపంచకప్‌లో బ్రెజిల్, స్వీడన్ మ్యాచ్ 1-1 మీద ఉండగా చివరి క్షణంలో బ్రెజిల్ కార్నర్ (గ్రౌండ్ మూల నుంచి కొట్టే కిక్) కొట్టింది. బంతి గాల్లో ఉండగానే రెఫరీ క్లైవ్ థామస్ ఆట ముగించాడు. జీకో తలతో వలలో వేశాడు కానీ గోల్ ఇవ్వలేదు. చట్టం ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు. అయినా కార్నర్ కొట్టనిచ్చాక అది తేలేదాకా ఆగితే బాగుండేదని నా అభిప్రాయం. సమయం అయిపోయినా పూర్తి చేయించి తీరాల్సింది పెనాల్టీ కిక్ (కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టేది) ఒక్కటే.

ఓ చిన్న జాగ్రత్త. విజిల్‌ని పళ్ల మధ్య పెట్టుకుని పరిగెత్తొద్దు. ఊపిరి తగిలి కూతపెట్టిందా, ఆట ఆగిపోయినట్టే. అప్పుడు పడ్డ గోల్ ఇవ్వలేరు.

మూడో ప్రశ్న: బంతి ఎక్కడినుంచి మొదలైంది?

మన పిల్లలకే కాదు, కోచ్‌లమని చెప్పుకునేవాళ్లకూ ఎక్కువ తడబాటు ఇక్కడే. ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టే దెబ్బ నేరుగా గోల్‌లోకి పోతే ఏం చేయాలి?

కిక్ ఆఫ్ (గ్రౌండ్ మధ్యనుంచి ఆట మొదలుపెట్టే కిక్), గోల్ కిక్ (కాపాడుకునే జట్టు తన గోల్ ముందునుంచి కొట్టేది), కార్నర్, డైరెక్ట్ ఫ్రీ కిక్ (అవతలివాళ్ల తప్పుకి ఇచ్చే కిక్), పెనాల్టీ: వీటితో ఎదుటి జట్టు మీద నేరుగా గోల్ పడుతుంది. అవును, కిక్ ఆఫ్ నుంచి కూడా. త్రోతో (పక్క గీత దాటిన బంతిని చేత్తో లోపలికి విసరడం), ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్‌తో నేరుగా పడదు. అలా లోపలికి పోతే అవతలివాళ్లకు గోల్ కిక్. ఇంకెవరి కాలికైనా ఒంటికైనా తగిలి పోతే గోలే. కీపర్ చేత్తో విసిరిన బంతి నేరుగా అవతలి గోల్‌లో పడినా గోల్ కిక్ ఇవ్వాలి. డ్రాప్ బాల్ అయితే కనీసం ఇద్దరు ఆటగాళ్లకు తగలాలి.

ఇక సొంత గోల్ సంగతి. త్రో గానీ, ఫ్రీ కిక్ గానీ, గోల్ కిక్ గానీ, ఏదైనా సరే, తమ గోల్‌లోకే నేరుగా కొట్టుకుంటే గోల్ కాదు, అవతలి జట్టుకి కార్నర్. ఇది ఎంతమందికి చెప్పినా మొదట నమ్మరు. 2002 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ మీద ఆడుతూ ఆస్టన్ విల్లా ఆటగాడు మెల్‌బర్గ్ తన కీపర్ ఎంకెల్‌మన్‌కి త్రో వేశాడు. బంతి కీపర్ కాలి కిందనుంచి జారి లోపలికి పోయింది. కాలికి తగిలిందని రెఫరీ గోల్ ఇచ్చాడు. తగలకపోయి ఉంటే కార్నర్‌తో పోయేది. కీపర్ వదిలేస్తే కార్నర్, తాకి తప్పిస్తే గోల్. మీ కీపర్లకు ఇది ముందే చెప్పి పెట్టండి.

ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ ఇచ్చినప్పుడు రెఫరీ చెయ్యి పైకెత్తి, బంతి ఇంకొకరికి తగిలేదాకా అలాగే ఉంచాలి. మీరు చెయ్యెత్తడం మర్చిపోయి, బంతి నేరుగా గోల్‌లో పడితే కిక్ మళ్లీ కొట్టించాలి. తప్పు మీది కాబట్టి గోల్ ఇవ్వరు, గోల్ కిక్కూ ఇవ్వరు.

కొట్టినవాడే రెండోసారి తాకకూడదు. ఫ్రీ కిక్ పోస్టుకి తగిలి తిరిగొచ్చింది, వాడే మళ్లీ కొట్టి గోల్ వేశాడు: చెల్లదు. మధ్యలో కీపర్‌కో ఇంకెవరికో తగిలి ఉంటే చెల్లుతుంది.

ఫ్రీ కిక్‌కి విజిల్ కోసం ఆగాలా? అక్కర్లేదు. రెఫరీ ఆగమని సైగ చేస్తేనే ఆగాలి. 2023 మార్చి 3న బెంగళూరులో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్‌లో, కేరళ బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డుగోడలా వరసగా నిలబడుతుండగానే బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీ కిక్ కొట్టి గోల్ వేశాడు. గోల్ ఇచ్చారు, కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. ఫ్రీ కిక్ ఇస్తూనే మీ మాట తేల్చి చెప్పండి. "విజిల్‌కి ఆగు" అని చెయ్యి చూపిస్తే ఆగాలి, లేకపోతే త్వరగా కొట్టుకోవచ్చు. సగం సైగ చేశారా, గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది.

నాలుగో ప్రశ్న: చెయ్యి తగిలిందా?

గోల్ కొట్టినవాడి చేతికి తగిలి నేరుగా లోపలికి పోతే, పొరపాటున తగిలినా సరే, గోల్ కాదు. చేతికి తగిలిన వెంటనే వాడే కొట్టినా అంతే. కానీ వాడి జట్టులో ఇంకొకడి చేతికి కావాలని కాకుండా తగిలి, ఆ బంతి వీడికి వచ్చి వీడు కొడితే గోల్ ఇవ్వాలి. 2021లో చట్టాన్ని ఇలా సవరించారు, పాత మాట పట్టుకుని రద్దు చేసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. చెయ్యి అంటే చంక కింది అంచు దగ్గరనుంచి కిందికి. భుజానికి తగిలితే హ్యాండ్ బాల్ కాదు.

డిఫెండర్ చేత్తో ఆపబోయినా బంతి ఆగకుండా లోపలికి పోతే గోల్ ఇచ్చేయండి. కాపాడుకునే జట్టు చేసిన తప్పు గోల్‌ని చెరపదు. విజిల్ ఊదే తొందరలో పడిన గోల్‌ని పెనాల్టీగా మార్చేవాళ్లను గుంటూరులో ఓ టోర్నమెంట్‌లో చూశాను, పిల్లలు ఆ పెనాల్టీ తప్పారు కూడా. రెండు క్షణాలు ఆగి చూస్తే చాలు.

అయిదో ప్రశ్న: ఆఫ్‌సైడ్

దీని మీద రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది. గోల్ తేల్చడానికి కావాల్సినంత చెబుతాను. తనవాడు బంతి కొట్టిన క్షణంలో అవతలి సగంలో ఉండి, బంతి కన్నా, చివరినుంచి రెండో ప్రత్యర్థి కన్నా గోల్ గీతకు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ స్థానం. చేతులు లెక్కలోకి రావు. సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. చివరినుంచి రెండోవాడు అన్నది గట్టిగా గుర్తుంచుకోండి. కీపర్ ముందుకొచ్చేసి, గీత దగ్గర ఒక్క డిఫెండరే మిగిలితే, ఆ డిఫెండర్ ఉన్నాడు కదా అని ఆన్‌సైడ్ ఇచ్చేస్తుంటారు. తప్పు, అక్కడ ఇంకొకడు కూడా ఉండాలి.

ఆఫ్‌సైడ్‌లో నిలబడటం తప్పు కాదు. అక్కడినుంచి బంతి తాకినా, కీపర్ చూపుకి అడ్డుపడినా, పోస్టుకో కీపర్‌కో తగిలి వచ్చిన బంతిని అందుకున్నా తప్పు. అందుకే షాట్ కొట్టిన క్షణాన్ని బుర్రలో ఫొటో తీసుకోండి. గోల్ కిక్, త్రో, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు.

కుక్క, రెండో బంతి, రెఫరీ ఒళ్లు

మన గ్రౌండ్లలో ఇది నిజంగా జరిగే పని. గోల్‌లోకి దొర్లుతున్న బంతిని కుక్క ఆపేస్తే గోల్ లేదు, ఎంత కచ్చితంగా పోయేదైనా సరే. డ్రాప్ బాల్ పెట్టాలి. కుక్కకు తగిలినా బంతి లోపలికి పోయి, ఏ డిఫెండర్ ఆడే అవకాశానికీ అది అడ్డుపడకపోతే గోల్ ఇవ్వాలి. 2009 అక్టోబరు 17న సండర్‌లాండ్ ఆటగాడు డారెన్ బెంట్ కొట్టిన బంతి, గ్రౌండ్‌లోకి వచ్చిపడిన పెద్ద ప్లాస్టిక్ బంతికి తగిలి లివర్‌పూల్ కీపర్‌ని దాటి లోపలికి పోయింది. గోల్ ఇచ్చారు. ఆట ఆపి డ్రాప్ బాల్ పెట్టాల్సింది. పక్క పిచ్ నుంచి క్రికెట్ బంతులు వచ్చే చోట ఆడిస్తుంటే ఇది ముందే కెప్టెన్లకు చెప్పండి.

బంతి మీకే తగిలి నేరుగా గోల్‌లో పడితే అదీ చెల్లదు, డ్రాప్ బాల్.

పెనాల్టీ

కొట్టేవాడు పరిగెత్తుకొచ్చి, పరుగు ముగిశాక ఆగి మోసం చేస్తే గోల్ లేదు, పసుపు కార్డు, అవతలివాళ్లకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్. పరుగు మధ్యలో నెమ్మదించవచ్చు. కీపర్ ముందే గీత వదిలినా బంతి లోపలికి పోతే గోలే. 2025 మార్చి 12న మాడ్రిడ్‌లో షూటౌట్‌లో (సమమైన మ్యాచ్‌ని పెనాల్టీలతో తేల్చడం) అట్లెటికో ఆటగాడు హూలియన్ అల్వారెజ్ జారి, రెండు కాళ్లకీ బంతి తగిలిందని గోల్ తీసేశారు. ఆ జూన్‌లో చట్టం రాసే బోర్డు స్పష్టం చేసింది: కావాలని కాకుండా అలా తగిలి గోల్ పడితే, కిక్ మళ్లీ కొట్టించాలి.

కిక్ ఆఫ్‌కి ముందు ఆఖరి చూపు

గోల్ పడగానే సంబరాల వైపు చూడకుండా గ్రౌండ్ మొత్తం చూడండి. మనుషుల్ని లెక్కపెట్టండి. మార్పు గందరగోళంలో గోల్ కొట్టిన జట్టు పన్నెండుగురితో ఆడేసిందని తేలితే, కిక్ ఆఫ్ పడకముందైతే గోల్ రద్దు చేయాలి. ఎక్కువ మనిషి గోల్ తిన్న జట్టువాడైతే గోల్ ఉంటుంది. పక్కన నిలబెట్టిన పెద్దమనిషి వైపు ఒకసారి చూడండి, ఆయన చెయ్యెత్తాడా, ఏదైనా చెప్పాలనుకుంటున్నాడా అని. కెప్టెన్ ఏమైనా అడిగితే వినండి. ఆ తర్వాత చిన్న పుస్తకంలో నిమిషం, చొక్కా నంబరు రాసుకుని విజిల్ ఊదండి. కిక్ ఆఫ్ పడ్డాక ఆ గోల్‌ని మీరు కూడా వెనక్కి తీసుకోలేరు.